దొంగ మెరుపులు

మాస్టారి అంత్యక్రియలు ముగిసిన సాయంత్రం. ఒకే ప్రయోగశాలలో పనిచేసే భార్యాభర్తలు, వంటగదిలో.

“చెప్పు. అవి నిజమైనవా, దొంగవా?”

“రేపు మీటింగులో అందరికీ చెప్తాను కదా.”

“రేపు కాదు. ఇప్పుడు.”

“టీ చల్లారిపోతోంది.”

“టీ సంగతి తర్వాత. ఇన్నేళ్లుగా ఆ గనిలో, అంత లోతున, ఎందుకు కూర్చున్నాం? ఒక పరమాణు కేంద్రకం రెండంటే రెండే ఎలక్ట్రాన్లు వదలాలి, న్యూట్రినో అనే కణం జాడే ఉండకూడదు. అప్పుడు పుట్టే మెరుపు చూడాలనే కదా మాస్టారు జీవితమంతా ధారపోశారు. నాకు మూడు కనిపించాయి. మూడు!”

“నాకు పాఠం చెప్తున్నావా?”

“నాకు నేనే చెప్పుకుంటున్నా. గనిలోని పరికరాల రికార్డుల్లో దొంగ మెరుపులు కలపడం నీ ఉద్యోగం. మేం పట్టుకుంటామో లేదో చూడ్డానికి. ఎన్ని కలిపావో, ఎక్కడ కలిపావో ఎవరికీ చెప్పకూడదు. పెళ్లానికి కూడా.”

“పెళ్లానికైతే అసలే చెప్పకూడదు.”

“నవ్వించకు. నేనొక పని చేశాను.”

“ఏం పని?”

“మొన్న ఆసుపత్రిలో... నువ్వు మందులకి వెళ్లావు చూడు, అప్పుడు.”

“అప్పుడు?”

“మాస్టారి చెవిలో చెప్పేశాను. దొరికింది మాస్టారూ, మూడు మెరుపులు, అని.”

“ఫలితం తేలకముందేనా? అంతవరకూ ఎవరికీ చెప్పకూడదన్న నియమం పెట్టిందే ఆయన!”

“తేలేదాకా ఆయన ఉంటారా? డాక్టరు పెదవి విరిచేశాడు. ఆయన్ని వట్టి చేతులతో ఎలా పంపను?”

“ఏమన్నారు?”

“నవ్వారు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అందుకే అడుగుతున్నా. అవి దొంగవైతే, చివరి క్షణాల్లో ఆయనకి అబద్ధం చెప్పినట్టే కదా. అబద్ధమంటే గిట్టని మనిషికి. పొద్దున్నుంచీ ఆ నవ్వే కళ్లముందు కదుల్తోంది. రేపటిదాకా ఆగడం నా వల్ల కాదు.”

“దొంగవే.”

“మూడూనా?”

“మూడూ.”

“అయితే... మోసం చేశానన్నమాట. ఆయన్ని.”

“ఏడవకు. ఇటు చూడు. నవ్వారన్నావు, మాటేమైనా వచ్చిందా?”

“అతి కష్టమ్మీద. ‘బాగా వెతికావమ్మా’ అన్నారు.”

“వెతికావు అన్నారా?”

“వెతికావనే.”

“దొరికింది అనలేదా? సంతోషమనీ, ఇక చాలనీ, ఏమీ?”

“లేదు. అంతే. ఎందుకలా గుచ్చి గుచ్చి అడుగుతావు?”

“ఈసారి తేలిగ్గా దొరక్కూడదు, అమ్మాయి చెమటోడ్చాలి అని నన్ను ఇంటికి పిలిచి, ఆ మూడూ ఎక్కడ దాచాలో చెప్పింది మాస్టారే.”