భద్రంగారి గొంతు రేడియోలో వచ్చిన రోజు

భద్రంగారని మా కాలవ శివారున ఒకాయన ఉన్నాడు. నీళ్ళ పెద్ద అనుకో. దాళ్వాకి, అదే రెండో పంటకి, కాలవలో నీళ్ళు చాలవు కదా, వంతులేసుకుని పెట్టుకుంటాం కదా, ఆ వంతులు చూసే పెద్దరికం ఆయనది. పని తక్కువ, నోరెక్కువ. ఎదుటోడు చెప్పే మాట పూర్తయ్యేదాకా విన్న పాపాన పోలేదు. ఆయన పెట్టిన రూలొకటుంది, ముందు అది చెవిన వేసుకోండి. కాలవ నీళ్ళొదిలే లస్కరు తూము పలక ఎత్తేముందు ఎవరి వంతైతే వాళ్ళని పేరుపెట్టి కేకేస్తాడు. ఆ చేనుగల మనిషే పార పట్టుకుని అక్కడ నిలబడాలి. పెళ్ళాన్ని పంపినా చెల్లదు, పాలేరుని పంపినా చెల్లదు. మనిషి లేకపోతే ఆ నీళ్ళు పక్క చేనుకి పోతాయి. ఇది ఎప్పుడు పుట్టించేడంటే, ఆయన పక్క చేను లోవతల్లిది, మొగుడు పోయిన మనిషి. పోయినేడు పిల్లకి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళి, తూము కాడికి తమ్ముణ్ణి పంపింది. నీకిక్కడ చేనుందా, లేదు కదా, చేనుగలోళ్ళు లేకపోతే నీళ్ళు పక్కోళ్ళవే, పో అన్నాడంట వాడితో. అప్పటికప్పుడు రూలు చేసేసి ఆ నీళ్ళు తన చేలోకే మళ్ళించుకున్నాడు. ఆవిడ పంటంతా తాలు. ఇంక ఈయనకి సిగ్గంటారా, అదెక్కడిది.

ఏమైందంటే, ఈ ఏడు రేడియో వాళ్ళొచ్చేరు. నీళ్ళ వంతుల గురించి మాట్లాడమని ఈయన ముందు మైకెట్టేరు. ఇంక చూడు, దాని నోట్లో నోరు పెట్టి వాగేడంట. వాళ్ళు వెళ్తా వెళ్తా, మంగళారం వస్తాదండీ అని మొదలెట్టేరో లేదో, సరే సరే నాకు తెలుసులే అన్నాడు. ఏ స్టేషన్లో వస్తాదో, ఏ టైముకొస్తాదో కూడా చెప్పేరంట పాపం. ఈయన వింటేగా. తర్వాత పెళ్ళాం సూరీడమ్మ అడిగింది, ఏ స్టేషనండీ అని. నా మాట ఈ బుల్లి స్టేషన్లో ఎందుకొస్తాదే, ఢిల్లీలో వస్తాది, దేశమంతా వింటాది అన్నాడంట. ఎవరు చెప్పేరు? ఎవరూ చెప్పలేదు. ఆయనకాయనే అనుకున్నాడు.

మంగళారం తెల్లారింది. రేడియో తెచ్చి అరుగు మీద పెట్టేడు. కూలోళ్ళని, పాలేర్లని, దారిన పోయేవోళ్ళని కూర్చోబెట్టేడు. ఎవడూ కదలడానికి లేదు. ముల్లు తిప్పి తిప్పి ఢిల్లీ పట్టేడు. ముందు సంస్కృతంలో వార్తలొచ్చినియ్యంట. మంత్రాలనుకుని అందరూ దణ్ణం పెట్టేరు, ఈయనా పెట్టేడు. తర్వాత ఇంగ్లీషు. తర్వాత హిందీలో ఎవరో డాక్టరు, దగ్గి మరీ చూపించేడంట. ఈయనకి ఒక్క ముక్క వస్తే ఒట్టు, అయినా అందరికీ విడమర్చి చెబుతున్నాడు. ఇది పార్లమెంటు, ఇది ధాన్యం రేటు, ఇప్పుడు నా గురించే చెబుతున్నారు, ఊరుకోండి అని. మధ్యాన్నం నాటకమొచ్చింది. అందులో ఒకావిడ వెక్కివెక్కి ఏడుస్తుంటే, పాపం ఆ దేశంలో నీళ్ళ వంతులు సరిగ్గా చూసేవోడు లేక ఏడుస్తుంది అన్నాడంట. కూలోళ్ళు నవ్వలేక చచ్చేరు. తర్వాత ఆటేదో, ఒకడు ఊపిరి తీసుకోకుండా అరుస్తున్నాడు. అదీ విన్నారు. కర్మ కాదూ.

సూరీడమ్మ పొద్దుటి నుంచీ చెబుతానే ఉంది. ఇవాళ మన వంతండీ, పొద్దువాలేక నీళ్ళొదుల్తానని లస్కరు నూకరాజు చెప్పెళ్ళేడు, చేను పొట్టమీదుంది, వెన్ను తీసే వేళ, ఇప్పుడు తడి అందకపోతే మనకి మిగిలేది గడ్డే, మీరు కదలండి అని. ఈయనేమో, నేను లేకుండా తూమెత్తే మగాడెవడే అంటాడు. పోనీ నన్నెళ్ళనివ్వండి అందావిడ. నువ్వెళ్తే చెల్లదుగా, రూలు నాదే కదా అని మీసం తిప్పేడంట. అది అంటున్నప్పుడన్నా బుర్రలో వెలగాలా వద్దా. వెలగలేదు. ఇంక ఆవిడకి ఒళ్ళు మండి, చూసైనా వద్దామని తూము కాడికి పోయింది.

పోయినావిడ పరిగెత్తుకుంటా వచ్చింది. ఏవండీ, మీ గొంతు తూము కాడ మోగుతుంది, నూకరాజు రేడియోలో వస్తన్నారు మీరు, అంది. ఈయన ఒక్క గెంతున లేచేడు. నీళ్ళకి కాదు, గొంతుకి. పంచె ఎగ్గట్టుకుని గట్టెంబడి పరిగెత్తేడంట, ఆయాసపడతా, ఒక చెప్పు బోదె కాలవలో పోయినా ఆగకుండా. వెళ్ళేసరికి రైతుల ప్రోగ్రాం అయిపోయి పాటొస్తుంది. లోవతల్లి పార పట్టుకుని నిలబడుంది. నీళ్ళు గలగలమని ఆవిడ చేలోకి పోతున్నాయి.

అప్పుడు కానీ చేను గుర్తురాలేదు మహానుభావుడికి. ఎవడ్రా ఆ చేనుకి మడవ తీసింది, నా నీళ్ళు నాకు తిప్పు అని నూకరాజు మీద పడ్డాడు. నూకరాజు నిదానంగా, కేకేసేనండీ, మీరు పలకలేదు, ఏం చెయ్యాలా అని ఆలోచిస్తుంటే మీరే రేడియోలో చెప్పేరు కదండీ, అన్నాడు. ఏం చెప్పేనురా? ఇంట్లో శవం లేచినా సరే, చేనుగలోడు తూము కాడ లేకపోతే ఆ నీళ్ళు పక్కోళ్ళవే, నాకైనా ఇదే రూలు అన్నారండి, ఊరూరా విన్నారు, ఇప్పుడు నేను తిప్పితే మీ మాట ఏం కావాలండీ అన్నాడంట. భద్రంగారు ఎదుటోడి మాట పూర్తయ్యేదాకా విన్నాడు. పుట్టి బుద్ధెరిగేక అదే మొదలు.

లోవతల్లి మట్టి చెక్కి మడవ పక్క గట్టుకేసింది. తలెత్తకుండానే, మీ గొంతు చాలా బాగుందండి భద్రంగారూ, పోయినేడు మా తమ్ముడికి చెప్పిన మాటే, ఒక్క ముక్క పొల్లు పోలేదు, అంది. ఆయన కాసేపు తన బీట్లిచ్చిన చేను చూసేడంట, కాసేపు నీళ్ళు చూసేడంట. చూసి చూసి ఏమడిగేడో తెలుసా? నా పేరు ముందు శ్రీ అన్నారా లేదా, అని. వెనకాలే వచ్చిన సూరీడమ్మ అక్కడే కూలబడి నెత్తి కొట్టుకుంది.

మళ్ళీ వంతొచ్చేసరికి భద్రంగారి చేను గొడ్లకి కూడా పనికి రాలేదు. అంత జరిగేక బుద్ధొచ్చిందా అంటే, రోజూ సాయంత్రం మన స్టేషనే పెట్టుకుని కూర్చుంటాడంట, తన ముక్క మళ్ళీ వేస్తారేమోనని. చేను పోయినా, వంతు రోజున మటుకు రేడియో భుజానేసుకుని తూము కాడే ఉంటన్నాడు. లోవతల్లి పక్క గట్టు మీద కూర్చుని, కొంచెం గట్టిగా పెట్టండి భద్రంగారూ, మేమూ వింటాం అంటాదంట.