మార్కెట్ దాకా పరుగు

అరవైల్లో, నాంపల్లిలో ఒక అద్దె మేడమీద నడిచే చిన్న బడి. పొద్దున డ్రిల్లుకు ముందు హెడ్మిస్ట్రెస్ డ్రిల్లు మాస్టారిని పిలిచింది.

"మాస్టారూ, కింద వాటాలో అనసూయమ్మగారు మీ డ్రిల్లు గురించి కబురు పంపారండీ."

"చప్పుడైతుందనా మేడం? ఏం జెయ్యాలె, గ్రౌండు లేకపాయె. నిలబడ్డ కాడనే ఉరికిస్తున్న. దూదిలెక్క అడుగెయ్యమనే చెప్పిన."

"నిలబడ్డచోటే ఎక్కడికి పరిగెత్తిస్తారండీ?"

"కండ్లు మూసుకొమ్మంట. తొవ్వ నేను చెప్తుంట. గిదిగో స్టేషన్ వచ్చింది, టాంగాలున్నయ్, జర పక్కకు జరుగున్రి అంట. అందరు జరుగుతరు! నిన్న మొజంజాహీ మార్కెట్ దాకా పోయినం. మామిడిపండ్ల వాసనొస్తుంది సార్ అన్నరు పిల్లలు."

"తర్వాత?"

"తర్వాతేముంది? గంట కొట్టిన్రు. కండ్లు తెరిచి క్లాసులకు పోయిన్రు."

"అక్కడే వచ్చింది చిక్కు. కాలు విరిగిన దగ్గర్నుంచీ ఆవిడ మంచం దిగలేదు కదా. రోజూ మీ కేకలు వింటూ తనూ కళ్ళు మూసుకుంటారట."

"గట్లనా! అయితే కోపం చప్పుడుకు గాదా?"

"కాదండీ. 'నన్ను మార్కెట్ల ఇడిసిపెట్టి అందరు ఎట్ల పోయిన్రు? నిన్నటిసంది గాడనే ఉన్న' అన్నారు."

మాస్టారు మెడలోని ఈల తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇయ్యాల ఉరుకుడు లేదు మేడం. మార్కెట్ నుంచి వాపసొచ్చుడే. అందరం జర మెల్లగ నడుస్తం."