నీలం కోటుకి పడ్డ కన్నం

కోరంగి చిట్టియ్య నోటికి తాళం లేదని రాజమండ్రి మిషను కాంపౌండులో చంటిపిల్లలకి కూడా తెలుసు. అలాంటి మనిషి చేతికే మిషను దొరగారు తాళం చెవి ఇచ్చారు.

అది యుద్ధం గది తాళం చెవి. దొరగారి దేశం అమెరికాలో ముప్ఫై ఏళ్ళ కిందట ఒక్క ఇంటివాళ్ళే రెండు జట్లుగా చీలి నాలుగేళ్ళపాటు కొట్టుకున్నారట. ఆ యుద్ధం తాలూకు సామాను కొంత దొరగారు ఓడ మీద తెప్పించి బడి పక్క గదిలో పెట్టించారు. ఒక డప్పు, రెండు టోపీలు, తుప్పుపట్టిన కత్తి, దొరగారి అన్నగారు తొడుక్కున్న నీలం ఉన్ని కోటు. నెలకో శనివారం మధ్యాహ్నం జనాన్ని పిలిచి అవన్నీ చూపిస్తారు. బడి ఆడపిల్లలు పాట పాడతారు, కిటికీలు మూసి గోడ మీద లాంతరు బొమ్మలు వేస్తారు, ఆఖర్న దొరగారు లేచి ఆ యుద్ధం ఎందుకొచ్చిందో చెబుతారు. కాలవ పడవలెక్కి తణుకు వైపు నుంచీ, ద్రాక్షారామం వైపు నుంచీ కూడా వస్తారు జనం.

చిట్టియ్య పనల్లా గది తెరవడం, వస్తువు పేరు చెప్పడం, పక్కకి తప్పుకోవడం. ఆ మూడోదే ఆయనకి చేతకాదు. పోయిన నెల ఆ డప్పు తన చేత్తో కొడితే అమెరికాలో వాన కురిసిందని చెబుతూ దొరగారి కంట పడ్డాడు. దొరగారు తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న మనిషి, కోపమొచ్చినా గ్రాంథికమే మాట్లాడతారు. "చిట్టియ్యా, ఇంకొక్క అబద్ధము నీ నోట వినినచో ఆ తాళపుచెవిని వేరొకనికి ఇచ్చెదను" అన్నారు. భార్య పోయి, ఓడల పని పోయి, ముసలితనంలో చిట్టియ్యకి మిగిలింది మొలతాడుకి కట్టుకున్న ఆ తాళం చెవి ఒక్కటే. నెల రోజులుగా దొరగారి చెవిన పడే చోటల్లా నోరు కట్టేసుకుని తిరుగుతున్నాడు, పాపం.

ఇక దీనమ్మ సంగతి. దొరగారి ఇంట్లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది ఆవిడే. ఈ శనివారం కోసం మంగళవారం నాడు కోటు ఆమె చేతికిచ్చి, "మా అన్న జ్ఞాపకము, భద్రము" అన్నారు దొరగారు. ఆ భద్రం కాస్తా అయిపోయింది. ఇస్త్రీ పెట్టెలోంచి నిప్పురవ్వ ఎగిరి కోటు రొమ్ము మీద రేగిపండంత కన్నం పడింది. దీనమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి. కోటు ఎడమ చెయ్యి మడిచి కన్నం మీదికి తెచ్చి, గుండుసూది గుచ్చి, దాన్ని గదిలో తగిలించి వచ్చేసింది. ఆ పూట నుంచి ముద్ద దిగడం లేదు. దొరసానిగారు ముందునుంచీ తుని నుంచి ఇంకో పనిమనిషిని తెస్తానంటున్నారు. ఈ పని పోతే తను ఏ గుమ్మం ఎక్కాలి? శనివారం సభ అయ్యాక చెప్పేద్దాం, చెప్పేద్దాం అని తనకి తనే నచ్చజెప్పుకుంటూ ఉంది.

శనివారం రానే వచ్చింది. దొరగారు పొద్దున్న కొవ్వూరు వెళ్ళి, తిరుగు పడవలో గాలి ఎదురై గోదారి మధ్యలో చిక్కుకుపోయారు. ఇక్కడేమో వరండా నిండా జనం. తణుకు అవతల నుంచి వచ్చిన రైతు వెంకటరాజుగారు కుర్చీలో కూచుని మూడోసారి కండువా దులుపుకున్నారు. ఆయన పాలేరు జీవరాజు అరటిపళ్ళ బుట్ట పెట్టుకుని మెట్టు మీద ఉన్నాడు.

"దొరగారు వచ్చేదాకా ఆ సామానైనా చూపించవయ్యా. పడవవాడు మమ్మల్ని వదిలేసి పోయేలా ఉన్నాడు" అన్నారు వెంకటరాజుగారు.

చిట్టియ్య తలుపు తీసి, కర్ర స్టాండుతో సహా కోటు తెచ్చి వరండాలో నిలబెట్టాడు. "నీలం కోటండి" అన్నాడు. అని, నియమం ప్రకారం పక్కకి తప్పుకున్నాడు. అప్పుడే గోదారి గాలి ఒకటి విసురుగా వచ్చింది. సూది ఊడిపోయింది. మడిచిన చెయ్యి జారి కిందికి వేలాడింది.

"ఆ కన్నం ఏంటయ్యా?" అన్నారు వెంకటరాజుగారు.

చిట్టియ్య కన్నం వంక చూశాడు. ఆరేళ్ళుగా ఆ కోటు దులుపుతున్న మనిషి. తర్వాత తల తిప్పి, స్తంభం పక్కన నిలబడ్డ దీనమ్మ మొహం చూశాడు. ఆ మొహంలో నెత్తుటి చుక్క లేదు. చిట్టియ్య చెయ్యి ఒకసారి మొలతాడు మీది తాళం చెవిని తడుముకుంది.

"ఈ కన్నమాండి?" అన్నాడు. "ఈ కన్నం పడ్డప్పుడు నేను అక్కడే ఉన్నానండి."

వరండా అంతా సర్దుకుని కూచుంది.

"అప్పట్లో నేను కోరంగి ఓడల్లో కళాసీనండి. ఆ యుద్ధం మూలాన అమెరికా పత్తి ఆగిపోయి మన పత్తికి గిరాకీ రాలేదూ?"

"వచ్చింది. మా నాన్నగారు మాగాణి వదిలేసి పత్తి వేశారు" అన్నారు వెంకటరాజుగారు.

"అదిగో, రాజుగారే సాక్షి. ఆ పత్తి ఎక్కించుకుని మేం ఇంగ్లీషు సీమకి పోతుంటే తుపాను లేచి, మా ఓడని తీసుకెళ్ళి అమెరికా ఒడ్డున పడేసింది. దిగి చూద్దును కదా, అటు లక్ష మంది, ఇటు లక్ష మంది, మధ్యలో ఏరు. గోదారి ముందు అదెంతండి, మన బోదికాలవంత. దాని ముందు నిలబడి ఈ కోటు తొడుక్కున్న పెద్దదొర, అంటే మన దొరగారి అన్నగారు, ఏడుస్తున్నారు. ఏం బాబూ అంటే, ఫిరంగి దాటించలేకపోతున్నాం చిట్టియ్యా అన్నారు."

"నీ పేరు ఆయనకెలా తెలుసు?" అన్నారు వెంకటరాజుగారు.

"మొహం మీద రాసుంటుందాండి, చెప్పాను. చెప్పి, ఫిరంగి వీపున కట్టుకుని ఈదేశాను. ఒకటి కాదు, పదకొండు. పన్నెండోది కొంచెం బరువనిపించింది, అందుకని దాన్ని పళ్ళతో పట్టుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒడ్డెక్కేసరికి చలి. మన పుష్యమాసం చలి దాని కాలిగోటికి చాలదు. మాట నోట్లోంచి వస్తే గడ్డకట్టి కింద పడేది, పొయ్యి మీద వేడి చేసుకుని వినేవాళ్ళం. నా వణుకు చూసి పెద్దదొర ఈ కోటు విప్పి నాకు తొడిగారు. అంతే, అవతలి జట్టు నుంచి గుండు వచ్చి ఇదిగో, ఇక్కడ తగిలింది."

దీనమ్మకి ఊపిరి ఆడింది. ఆ గుండు వచ్చి తన నెత్తిన ఉన్న బండరాయినే పగలగొట్టినట్టుంది. మరుక్షణమే వెంకటరాజుగారు లేచి కోటు వెనక్కి తిప్పి చూశారు.

"ముందు కన్నం ఉంది సరే, వెనక కన్నం ఏదయ్యా? గుండు లోపలే కాపరం పెట్టిందా?"

"అక్కడికే వస్తున్నానండి" అన్నాడు చిట్టియ్య, ఎక్కడికి రావాలో ఇంకా తెలియకపోయినా. "జేబులో... లోపల నా చొక్కా జేబులో మా అమ్మ పెట్టిన మామిడి తాండ్ర ఉందండి. చాప మీద నలభై పూతలు పోసి ఎండబెట్టిన తాండ్ర. గుండు వచ్చి అందులో బెల్లంలో చీమలా అతుక్కుపోయింది. అప్పుడు నాకు బుద్ధి వెలిగింది. ఓడలో ఇంకో చాపెడు తాండ్ర ఉంది. తెచ్చి తెరచాపలా ఎత్తి పట్టుకున్నాను. వచ్చిన గుండు వచ్చినట్టే అతుక్కుంటోంది. మావాళ్ళు వాటిని ఊడబెరుక్కుని, తిరిగి వాళ్ళ మీదికే కాలుస్తున్నారు."

మెట్టు మీంచి జీవరాజు మెల్లిగా అడిగాడు. "అసలు దేనికి కొట్టుకున్నారు బాబూ?"

చిట్టియ్య గొంతు తగ్గించాడు. "మనిషిని సంతలో గేదెని కొనుక్కున్నట్టు కొనుక్కుని, వాడి పిల్లల్ని కూడా అమ్ముకోవచ్చని ఒక జట్టు. కూడదని ఒక జట్టు. ఇది నా మాట కాదురా, దొరగారు చెప్పిందే."

"ఎవరు నెగ్గారు?"

"కూడదన్నవాళ్ళే."

జీవరాజు ఆ కోటుని కింది అంచు నుంచి మెడదాకా ఇంకోసారి చూశాడు. వెంకటరాజుగారు ఎందుకో కండువా సర్దుకున్నారు. బుట్ట కింద పెట్టి పైకొచ్చి కూచోమని జీవరాజుకి చెప్పారు.

"ఎలా నెగ్గారో తెలుసా?" చిట్టియ్య మళ్ళీ పుంజుకున్నాడు. "ఆ గుండ్లకి తాండ్ర అంటుకునుంది కదండీ. అవతలివాడికి మూతి మీద తగిలింది. నాకాడు. తుపాకీ కింద పెట్టి, ఇంకోటి కాల్చమన్నాడు. పక్కవాడూ కింద పెట్టాడు. సాయంత్రానికి రెండు లక్షల మందీ ఒకే బంతిలో కూచున్నారు. ఈ బంతి మొదట్లో మాట్లాడితే ఆ చివరికి వినపడ్డానికి మర్నాడయ్యేది. నేనొక్కణ్ణే వడ్డన. అవతలి జట్టు పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, మామిడిచెట్టు లేని దేశానికి యుద్ధం ఒకటి తక్కువా నాయనా అని భోరుమని ఏడ్చి, తన కత్తి నాకిచ్చేశాడు. లోపల ఉంది చూడండి. దాని మీద ఉన్నది తుప్పు కాదు, తాండ్ర మరక."

అప్పటికి దొరగారు వచ్చి జనం వెనక నిలబడి చాలాసేపయింది. చూసింది దీనమ్మ ఒక్కతే. దగ్గింది, సైగ చేసింది. వరదలో ఉన్న చిట్టియ్యకి గట్టు కనపడలేదు.

"చిట్టియ్యా" అన్నారు దొరగారు.

జనం దారి ఇచ్చారు. దొరగారు ముందుకొచ్చి కోటు చూశారు, కన్నం చూశారు, అరచెయ్యి చాపారు.

చిట్టియ్య మొలతాడు ముడి విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. "నోటి తీటండి. తప్పయింది" అన్నాడు. పోయిన నెలలో ఈ కన్నం లేదండి అని ఒక్క ముక్క అంటే చాలు. అనలేదు సరికదా, దీనమ్మ ఉన్న వైపు కూడా చూడలేదు. తాళం చెవి దొరగారి చేతిలో పడింది.

ఆ చప్పుడు వినగానే దీనమ్మ స్తంభం వదిలేసింది. నాలుగడుగులు వేసి కోటు పక్కన నిలబడింది.

"గుండూ లేదు, తాండ్రా లేదు దొరగారూ. నన్ను కాయడానికి చెప్పాడు చిట్టియ్య బాబాయి. ఆ కన్నం నేను పెట్టిందండి. మంగళవారం ఇస్త్రీ చేస్తుంటే నిప్పురవ్వ పడింది. భయపడి దాచాను. మీ అన్నగారి జ్ఞాపకం పాడుచేశాను, ఏం చేస్తారో చెయ్యండి."

దొరగారు కన్నంలో చూపుడు వేలు పెట్టి చూశారు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకుంది దీనమ్మ. నవ్వుతున్నారు.

"మా అన్న ఈ కోటు తొడిగి నాలుగు సంవత్సరములు సైన్యమునకు వంట చేసెను" అన్నారు. "ఒక్క గుండైనను తగలలేదే యని మరణించువరకు విచారించెను. నేటికి తగిలినది."

తాళం చెవి తిరిగి చిట్టియ్య చేతిలో పెట్టి, గుప్పిట మూశారు. "తాండ్ర కథ మా అన్న వినియుండిన నిన్ను కౌగిలించుకొనును. అయినను దీనమ్మా, నీవు జాగ్రత్త గలదానవు. రవ్వ ఎట్లు ఎగిరినది?"

దీనమ్మకి నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కడుపులో ఆకలి తెలిసింది.

"కొబ్బరి చిప్పల నిప్పులండి, చిటచిటలాడతాయి. పోయగానే మూత బిగించాలి. బిగించేదాన్నే. ఆ వేళ మా అరుగు మీద కూచుని బాబాయి రంగూను నుంచి కోరంగిదాకా సొరచేప మీద స్వారీ చేసొచ్చిన సంగతి చెబుతున్నాడు. సరిగ్గా దానికి కళ్ళెం వేసే చోట, నోరు తెరుచుకుని మూత సంగతి మరిచిపోయానండి."

చిట్టియ్య నోరు కూడా అలాగే తెరుచుకుంది. అందులోంచి మాట రాకపోవడం కాంపౌండులో అదే మొదటిసారి. నవ్వుతున్న జనం వైపు తిరిగి దీనమ్మ ఆయన పరువు కాస్త నిలబెట్టింది.

"బాబాయిని మరీ తీసెయ్యకండి. మొదట చెప్పిన మాట నిజమేగా. ఈ కన్నం పడ్డప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు."