కుట్టుపిన్ని కిటికీ

ఏమే అమ్మడూ, పొద్దున వచ్చినదానివి, ఇంకా సంచీ అయినా విప్పలేదు, అప్పుడే నా కిటికీకి పేపర్లు అంటిస్తున్నావేంటి? ఎదురింటివాళ్ళు చూస్తున్నారా? చూస్తే చూశార్లే గానీ, ఇలా అయితే పట్టపగలే లైటెయ్యాలి. ఖర్చులేని పని చెప్తా విను. పల్చటి తెల్లగుడ్డ తీసుకో, పాత పంచె ముక్కయినా చాలు. మైదాపిండి జారుగా ఉడకబెట్టి, గుడ్డ అందులో ముంచి, కింది అద్దాలకే అంటించు. పైవి వదిలెయ్. వెలుతురొస్తుంది, మనిషి కనపడదు. వద్దనుకున్న రోజు తడిపి లాగితే ఊడొస్తుంది. ఎవరు నేర్పారా? మా పిన్ని.

కుట్టుపిన్ని అనేవాళ్ళు. ఎప్పుడూ నోట్లో గుండుసూదులే. వాటి సందుల్లోంచే మాట్లాడేది, సగం మాటలు మనమే పూరించుకోవాలి. జాకెట్టు రేపిస్తానందా, ఎల్లుండందా అని ఆడవాళ్ళు వాకిట్లో తగువులాడుకునేవాళ్ళు. ఆ సూదులు తీసిందంటే మాత్రం ఎవరికో మూడినట్టే. సరే, ఎక్కడున్నాను? ఆ, గుడ్డ. మీ తాతయ్యకంటే ముందు నాకో పెళ్ళయిందే. నీకెవరూ చెప్పుండరు. వాడు కొట్టేవాడు. పన్ను రాలగొట్టిన రోజున కట్టుబట్టలతో పిన్ని దగ్గరికి పారిపోయొచ్చా. మర్నాడే మా బావగారు, అంటే వాడి అన్న, ఎదురుగా సైకిల్ షాపు బల్లమీద దిగాడు. పొద్దస్తమానం చూపు మా కిటికీ మీదే. నేను కనపడితే జుట్టుపట్టి ఈడ్చుకెళ్తాడు. మాకున్నది ఒక్క గది, నేలమీద దేక్కుంటూ తిరిగేదాన్ని. కిటికీ మూసేద్దాం పిన్నీ అంటే తిట్టింది. ఏనాడూ మూయని కిటికీ మూస్తే, లోపల ఉందహో అని చాటింపు వేసినట్టు కాదుటే, చీకట్లో నేనెలా కుట్టను, ఏం తిందాం అంది. అప్పుడు అంటించింది ఈ గుడ్డ. అడిగినవాళ్ళకి, ఎండకి బట్టల రంగు వెలిసిపోతోందని చెప్పింది. కుట్టేవాళ్ళ మాట, ఎవరు కాదంటారు? ఆరోజు నేను లేచి నిలబడ్డా. నడుం నిటారుగా పెట్టుకుని గదంతా నడిచా.

ఆ సుఖం ఎన్నాళ్ళో లేదులే. ఒకనాడు మబ్బుపట్టి సాయంత్రమే చీకటి కమ్మింది. కాజాలు కనపడక నేనే దీపం వెలిగించి, వెనక బీరువా మీద పెట్టా. దీపం మన వెనకుంటే నీడ ఎక్కడ పడుతుంది? గుడ్డ మీదే. ఇద్దరిదీ పడింది. పగలంతా దాచిన గుడ్డే పొద్దుగూకాక పట్టిచ్చింది. తలుపు దబదబా బాదాడు బావగారు.

"అత్తా, నువ్వొక్కదానివేగా ఉండేది? ఆ రెండో నీడ ఎవరిది?"

పిన్ని సూదులు ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి పైటకి గుచ్చుకుంది. ఆ నీడ కొలతల బొమ్మది, దానికి జాకెట్టు తొడిగానని బొంకుతుందేమో అనుకున్నా. తలుపు తీసి గడపలో నిలబడింది.

"నా నీడన ఉన్న పిల్లది. నన్ను దాటి తీసుకెళ్ళు, చూస్తా" అంది. గట్టిగా కూడా అనలేదు.

వాడు గడప మీద కాలేశాడు. ఈవిడ కదల్లేదు. సైకిల్ షాపతను చక్రం చేత్తో పట్టుకునే వచ్చి వాడి వెనక నిలబడ్డాడు. పొద్దున తమ్ముణ్ణి తెస్తానని చెప్పి పోయాడు బావగారు. ఇంకెక్కడికైనా పోతానని నేను ఒకటే ఏడుపు. తెల్లారగానే పిన్ని చెంబుడు నీళ్ళు కొట్టి గుడ్డంతా లాగేసింది. కుర్చీ కిటికీకి ఆనించి నన్ను కూర్చోమంది. దాక్కుంటే దొంగవనుకుంటారే, ఇక్కడుంటే నీమీద చెయ్యి పడినా వీధంతా చూస్తుంది అంది. అన్నదమ్ములొచ్చారు. వీధిలో ప్రతి గుమ్మంలోనూ జనమే. నేను గుండీలు కుడుతున్నా, సూది వేల్లో దిగుతోంది. తలెత్తలేదు. తలెత్తేసరికి వాళ్ళు లేరు.

పిన్ని పోయి ఎన్నేళ్ళయిందో. ఇప్పటికీ కుట్టుమిషన్ చప్పుడు వింటే ధైర్యంగా ఉంటుంది.

ఏమే, పేపరు పట్టుకుని అలా నిలబడ్డావేంటి? ఎదురింటివాళ్ళ కోసం కాదని నాకు తెలుసులే. పొద్దున కాఫీ అందుకున్నప్పుడే నీ చేతిమీద కమిలిన గుర్తులు చూశా. మీ ఆయనొస్తే తలుపు నేను తీస్తా. ఆ కుర్చీ ఇటు కిటికీ దగ్గరికి లాగు.