చిన్నది, ఇరవై రెండు

ఏమిటీ? చిన్న పిస్తోలు కొనాలా వద్దా అని నన్నడుగుతున్నావా, మహేంద్రా? భలేవాడివయ్యా. నేను జన్మలో పట్టుకున్న తుపాకీ దీపావళికి రీలు పెట్టి కొట్టేది. అదీ సాయంత్రం కాకుండానే విరిగిపోయింది. నువ్వేమో ఈ దేశం దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకునే రోజుల నించీ కుందేళ్ళు కొట్టినవాడివి, ఇక్కడ క్లబ్బులో నీ పేరు బోర్డెక్కింది. నీకు నేను చెప్పాలా? సరే కూర్చో, టీ తాగు. కప్పు రెండు చేతుల్తో పట్టుకున్నావేం, చలేస్తోందా? హీటరు పెంచమంటావా? ఈ లోవర్ హట్‌లో మంచు మీంచి దక్షిణపు గాలి మొదలైందంటే కిటికీ మూసినా ఒకటే, మూయకపోయినా ఒకటే. ఇంతకీ ఆశాజ్యోతికి చెప్పావా, కొందామనుకుంటున్నట్టు? చెప్పలేదూ! అదిగో, అక్కడే ఉంది తంటా. పెళ్ళానికి చెప్పకుండా చిన్నదాన్ని ఇంటికి తెద్దామనుకుంటే ఏమవుతుందో రామలింగేశ్వరరావుని అడగాలి. నవ్వకు. ఆయన లేడనుకో, పోయి చాలా ఏళ్ళయింది, నువ్వప్పటికి ఇండియాలో నిక్కర్లేసుకు తిరుగుతూ ఉండి ఉంటావు.

గుంటూరులో కాలేజీలో నాకు సీనియరు. ఎన్.సి.సి.లో రైఫిల్ పట్టుకున్నవాడు ఇంక జీవితంలో దించలేదు. కంప్యూటర్ ఉద్యోగానికని ఈ దేశం వచ్చి, పెట్టెలింకా విప్పకముందే షూటింగ్ క్లబ్బు ఎక్కడుందో కనుక్కున్నాడు. ఆఫీసులో అందరూ 'ర్యామ్' అనేవాళ్ళు. క్లబ్బులో గ్రాహమ్ అని ఒక ముసలాయన, కొత్తవాళ్ళకి నేర్పేవాడు, ఆయన మటుకు పట్టుబట్టి మొత్తం పేరు నేర్చుకున్నాడు. 'రామా... లింగా... ఈష్వరా...' అని ఆగి, ఊపిరి తీసుకుని, 'రౌ' అనేవాడు. కుక్కని పిలిచినట్టుండేది. భార్య మంగతాయారు. ఆయన పేరు శైవం, ఆవిడ పేరు వైష్ణవం, ఇంట్లో మాత్రం ఆవిడ మాటే వేదం. ఆవిడకి తుపాకీ అంటే తుపాకీయే, గరాజులో ఇనపపెట్టెలో ఉండే నల్ల శని. దానికి గుండు సైజుని బట్టి నంబర్లుంటాయనీ, చిన్నా పెద్దా ఉంటాయనీ ఆవిడకేం తెలుసు? ఏం చెబుతున్నాను? ఆఁ, నంబర్లు. ఆయన దగ్గరుండేది నలభై అయిదు. పెద్ద పిస్తోలు. పేలిస్తే నా గుండెల్లో రోలు దొర్లినట్టుండేది, నేను చెవులు మూసుకుని కారులోనే కూర్చునేవాణ్ణి. పోటీల్లో దాంతోనే నెగ్గేవాడు. అలాంటివాడికి ఒక చలికాలం గురి తప్పడం మొదలైంది. పిస్తోల్నే తిట్టేవాడు. బరువంటాడు, ఎగురుతోందంటాడు, పిడి బాలేదంటాడు. గ్రాహమ్ చూసి చూసి, 'ఇరవై రెండు ఒకటి కొనుక్కో, అది వెనక్కి తన్నదు, చేతిలో ఏం జరుగుతోందో తెలుస్తుంది' అన్నాడట. ఇంక మొదలైంది మనవాడి ఊగిసలాట. ఒక రోజు 'కొంటేనే మంచిదోయ్, చెయ్యి కుదురుకుంటుంది' అంటాడు. మర్నాడు 'ఛ, చిన్నదాంతో నేర్చుకున్నది పెద్దదానికి పనికొస్తుందా?' అంటాడు. ఆ తరవాత 'ఇన్నేళ్ళు నలభై అయిదు పేల్చినవాణ్ణి, ఇప్పుడిది పట్టుకుంటే పిట్టలదొర అంటారోయ్' అంటాడు. పిట్టలదొర తెలుసుగా? ఖాకీ టోపీ, కర్ర తుపాకీ, కోతలు కోస్తూ వీధి వీధీ తిరిగేవాడు. మా చిన్నప్పుడొకాయన వచ్చేవాడు, లంకంత కొంప కట్టిస్తానని మా నాయనమ్మకి మాటిచ్చి దోసెడు బియ్యం పట్టుకుపోయాడు. సరే, అది వేరే కథ.

ఒక శనివారం గరాజులోంచి నాకు ఫోన్ చేశాడు. అక్కడి మెషీన్లో ఉతికిన బట్టలు తీసుకోవడానికి మంగతాయారు గరాజు తలుపు దాకా వచ్చింది, ఆయన చూసుకోలేదు. ఆవిడ చెవిన పడ్డ ముక్కలు చెబుతాను విను. 'చిన్నదాన్ని తెచ్చుకుందామనే ఉందోయ్. ఇరవై రెండు. ముచ్చటగా ఉంది, గ్రాహమ్ చూపించాడు, నిన్న చాలాసేపు చేతిలో పెట్టుకు కూర్చున్నాను, వదలబుద్ధి కాలేదు. పెద్దదా? నలభై అయిదు కదా, ఇంక నా వల్ల కావడం లేదు. బరువైపోయింది, ముట్టుకుంటే ఎగిరిపడుతోంది. అబ్బే, వదిలెయ్యను, ఇన్నేళ్ళ బంధం, అదీ ఉంటుంది ఇంట్లో. పోలీసుల పర్మిట్ ఒక్కటీ వస్తే చాలు.' ఒట్టు, అక్షరం మార్చలేదు. ఇందులో తప్పేముంది చెప్పు? ఏం లేదు. కాకపోతే మంగతాయారుకి ఆ నెలలోనే నలభై అయిదు నిండాయి. బట్టలు అక్కడే వదిలేసి, ఆయన ఫోన్ పెట్టెయ్యగానే మా వేదవతికి ఫోన్. 'అక్కయ్యా, నేను బరువయ్యానుట, ముట్టుకుంటే ఎగిరిపడుతున్నానుట. ఇరవై రెండేళ్ళదాన్ని తెస్తాడుట. ఈ దేశంలో పోలీసులు దీనిక్కూడా పర్మిట్ ఇస్తారుటే?' అని ఏడుపు. మా ఆవిడ, స్వర్గాన ఉందిగానీ, ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది చూడు, 'మీకు ముందే తెలుసు కదూ? మీరెన్నేళ్ళదాన్ని చూస్తున్నారు?' అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. 'నాకు ఒక్క ఇరవై రెండు కూడా వద్దు' అన్నాను. అది ఇంకా చేటైంది.

వెళ్ళాం ఇద్దరం. ఆయన తలుపు తీశాడు, మొహంలో ఏమీ లేదు, పాపం, 'రండి రండి, ఉప్మా ఉంది' అంటున్నాడు. లోపల్నించి మంగతాయారు, 'నలభై అయిదొస్తే బరువా? మీకు యాభై రెండు, నేను మోయడం లేదూ?' అంది. ఆయనకి వెలిగేసరికి కొంత సేపు పట్టింది. వెలిగాక పరిగెత్తి, ఇనపపెట్టె తాళం తీసి, ఖాళీ పిస్తోలు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. 'ఇదీ! ఇదీ నలభై అయిదు. నువ్వు కాదే పిచ్చిదానా!' అన్నాడు. అబ్బ, ఏం నవ్వామయ్యా. వేదవతి ఉప్మా పళ్ళెం ఒళ్ళో ఒంపుకుంది. మంగతాయారూ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వి, నవ్వి, ఉన్నట్టుండి ఆపేసింది. 'ఇన్నేళ్ళూ లేని బరువు ఇప్పుడెందుకొచ్చింది?' అంది. ఆయన పిస్తోలు తీసి లోపల పెట్టబోయాడు. 'ఆగండి. చొక్కాలు మానేసి టీషర్టులు వేసుకుంటున్నారు. సాంబారు నన్నే పొయ్యమంటున్నారు. ఏదీ, చెయ్యి చూపించండి' అంది. ఆయన కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడయ్యా, అల్లరి చేసిన పిల్లాడిలాగా. అది చూసి మేమిద్దరం గోడకేసి చూశాం. ఆవిడే లాక్కుని అరచేతిలో పెట్టుకుంది. పిచ్చిక పిల్లని పట్టుకున్నట్టుగా ఉంది, కొట్టుకుంటోంది చెయ్యి. 'పిస్తోలు తన్ని తన్ని అలా అయింది, చిన్నది కొంటే అదే పోతుంది' అంటాడాయన. ఆవిడ ఆ చెయ్యిని తన కొంగులో చుట్టి పెట్టింది. ఆఖరికి, 'అయితే కొనండి' అంది. అవును, ఆవిడే అంది. 'కొనండి. నేనూ వస్తాను చూడ్డానికి' అని.

పర్మిట్ వచ్చింది, కొన్నాడు. క్లబ్బుకి మొదటిసారి మంగతాయారు వచ్చింది, చీర మీద స్వెటరు, స్వెటరు మీద కోటు, చప్పుడు వినపడకుండా చెవులకి ఆ డిప్పలు. నేనూ ఈసారి కారు దిగాను. చిన్నది కదా, టిక్కు టిక్కుమంటోంది, దానికి తన్నడమే తెలీదు. ఆయన పేల్చి, గురి పెట్టిన కార్డు తెచ్చుకున్నాడు. తాలింపులో ఆవాలు పేలి గోడంతా పడినట్టున్నాయి చిల్లులు. ఇన్నాళ్ళూ పెద్దది ఎగురుతోందనేవాడు, ఇప్పుడు ఎగిరేదేం లేదుగా. గ్రాహమ్ కార్డు చూసి, పేరు పూర్తిగా పిలిచాడు, ఈసారి మధ్యలో ఆగలేదు. అంతే. రెండు పిస్తోళ్ళకీ క్లబ్బులోనే కొనేవాళ్ళని చూడమని చెప్పి వచ్చేశాడు. కారులో అన్నాడు, 'ఇన్నాళ్ళూ పెద్దదాన్ని అన్యాయంగా తిట్టానోయ్' అని. వెనక సీట్లోంచి మంగతాయారు, 'ఏ పెద్దదాన్ని?' అంది. నవ్వామో, ఏడ్చామో నాకిప్పుడు గుర్తు లేదు.

అందుకని కొనాలా వద్దా అంటే... తెలీదయ్యా. కొనకపోతే ఇంకో రెండేళ్ళు పెద్దదాన్ని తిట్టుకుంటూ హాయిగా ఉండేవాడేమో. మరి ఎవరికైనా తగిలి ఉంటే? కొనబట్టి తెలిసింది. తెలిసి ఏం బాగుపడ్డాడు? డాక్టరు ఏదో పేరు చెప్పాడు, మాత్రలిచ్చాడు, పోయేవాడు పోయాడు. కాకపోతే మళ్ళీ చొక్కాలేసుకున్నాడు. మంగతాయారు బొత్తాలు పెడుతుంటే గడ్డం పైకెత్తి నించునేవాడు, పెళ్ళికొడుకులాగా. అది బాగుపడ్డం కాదా? ఏమో. వేదవతి ఒకసారి కొనడమే మంచిదైందనేది, ఇంకోసారి ఆ ముదనష్టపు పిస్తోలు రాకపోతేనే బాగుండేదనేది. నాకూ అంతే, చలికాలం ఒకలా తోస్తుంది, ఎండాకాలం ఇంకోలా. అయినా ఇంత అనుభవం ఉన్నవాడివి, నీకు చిన్నదెందుకయ్యా? నీ పెద్దదానికేమైంది? ఏమిటీ, గట్టిగా చెప్పు... బరువుగా ఉందా. ఎప్పట్నించీ?

కప్పు ఒకసారి కింద పెట్టు. పెట్టు, పరవాలేదు. ఏదీ...

ఊఁ. అయితే చలి కాదన్నమాట.

సరేలే. వాన వచ్చేట్టుంది, బయట తీగ మీద బట్టలున్నాయి, పద తీద్దాం. ఆశాజ్యోతిక్కూడా ఫోన్ చెయ్యి, భోజనానికి ఇక్కడికే రమ్మను. క్లిప్పులు నేను తీస్తాను. నువ్వు బట్టలు అందుకుంటే చాలు.