కూర్మారావు ఊదని మహురి

ఏటి, ఆ వాయించీ పెట్టి ఎవులిదంటావా? మా నేస్తం కూర్మారావుదిరా బాబూ! ఆడు పోయినాక నా కాడే ఉండిపోనాది. కరెంటొచ్చీలోగా సెప్తానిను. ఎనభయ్యారులో బరంపురంలో సింథసైజర్ బ్యాండంటే ఎవులికి తెలుసు? ముగ్గురు కుర్రోల్లు, అందులో మావోడొకడు, మూడు పెట్టిలు, డ్రమ్ము దెబ్బ కూడా పెట్టిలోంచే! గోపాల్‌పూర్ హోటల్లో వాయిస్తే దొరలు కుర్సీలెక్కి గెంతినారు, నా కల్లతో సూసినాను! ఆల బాబు కాశయ్యకి మటుకు కిట్టలేదు. కాశయ్యంటే ఏటనుకున్నావు, ఠాకురాణి అమ్మవారి యాత్రలో మహురి ఊదితే, మహురంటే మన సన్నాయిలాటిదేలే, ఈదంతా ఆయనెనకాలే నడిసీది. "ఊపిరెట్టకుండా వొచ్చీది పాటేటిరా? నా కొడుకువి కావు" అనీసి మాట మానీసినాడు. ఒకే ఇంట్లో మూడేల్లు! ఉప్పు కావాలన్నా పెల్లాం సేత అడిగించీవోడు.

బ్యాండేటైందా? బ్యాండులో పాటలు పాడీ వేణుగోపాలరావుకి ఛత్రపూర్లో గవర్నమెంటు నౌకరీ వొచ్చింది, ఇంకేటి పాట! మావోడు పెట్టి సంకనెట్టుకొని కటకం, అదే కటక్, ఎల్లిపోనాడు. స్టూడియోలో కేసెట్లకి ఎవులేది వాయించమంటే అది వాయించీ పని. అట్టమీద పేరుండదు. ఇను, ఓనాడు అమ్మవారి పాటల రికార్డింగు, మహురి ఊదీవోడికి జొరం. "ఆరే కూర్మా, నీ పెట్టిలో మహురి ఉందా?" అన్నాడు మ్యూజిక్ మాష్టారు. ఉంది గాని నొక్కితే సైకిలు బెల్లులాగుంది! అప్పుడు మావోడు కల్లు మూసుకొని, ఆల బాబు ఎక్కడ ఊపిరికి ఆగీవోడో సరీగ్గా అక్కడ మీటమీంచి సెయ్యెత్తీసినాడు. పెట్టికి ఊపిరెందుకురా, ఆగకుండా పలుకుతాది కదా! ఆపినకాడే పాణమొచ్చింది. ఓలమ్మో, ఇప్పుడు సెప్పినా రోమాలు లెగిసిపోతన్నాయి సూడు!

ఆ కేసెట్టు నానే కొని, కాశయ్య కూకున్న ఏల సూసి టీకొట్లో ఏయించినాను. గ్లాసు నోటికాడ ఆగిపోనాది. "ఇదెవులు? ఇక్కడ ఊపిరికి ఆగీది నానొక్కడ్నే!" అన్నాడు. అట్టమీద ఒడియా అచ్చరాలు సదివినాను: మహురి, కాశయ్య, బరంపురం. ఆ మహురికి మెచ్చి స్టూడియోవోల్లు ఈసారి ఎవులి పేరెయ్యమంటావంటే కూర్మారావు అదే రాయించినాడు! "నానెప్పుడెల్లేన్రా కటకం?" అనీసి ముసిలోడు లెగిసి, తిన్నగా కటకం బస్సెక్కీసినాడు! సెప్పులు టీకొట్టుకాడే వొదిలీసి! నాలుగో నాడు తండ్రీకొడుకులు ఒకే బస్సులోంచి దిగినారు. దిగతానే దెబ్బలాట! "రెండో సరణంలో నాను ఆగన్రా ఎదవా, నువ్వెందుకాగినావు?" "నువ్వు ఆగుతావు బాబూ, నీకు తెల్దు!" బస్టాండంతా ఇన్నాది. అన్నేల్ల తరవాత బాబూ, మా సెవిన పడ్డ మొదటి మాట అదే...

ఊఁ. కరెంటొచ్చిందేటి? ఆ ఫేనెయ్యి.