గుర్రాల తబేలా బడి అయిన ముచ్చట

లాల్‌దర్వాజల గులాం రసూల్ చాయ్ దుకాణం కాడ వైకుంఠం కూసున్నడంటే పక్కోళ్ళ చాయ్ చల్లారుడే. ఆ పొద్దు ఎవరో కొత్తాయన బడి గంట ఇని, సర్కారు తబేలాల బడి ఎట్ల వచ్చిందని అడిగిండు. అడిగినోనిదే తప్పు.

"నేనే పెట్టిచ్చిన. పెద్ద పనేం గాదు తియ్, ఒక అర్జీ రాసిన, గంతే. లడాయి మొదలైన ఏటి వానలు యాదికున్నయా? వామన్‌రావు పంతులు అరుగు మీద నలభైమంది పోరగాండ్లు, చినుకు పడితే పలకలు నెత్తిన పెట్టుకొని ఉరుకుడే. సర్కారోళ్ళ తబేలా జూస్తే గుర్రాలు పోయి పదేండ్లు, తాళమేసి ఉత్తగనే పడున్నది. నా పానం ఆగలే. కచేరికి పోతే గుమాస్తా ఏమన్నడో తెలుసా? కాగితంల పన్నెండు గుర్రాలున్నయి, తబేలా ఖాళీ లేదన్నడు."

"గుర్రాలే లేవు గదా భాయ్," అన్నడు బట్టలకు రంగులద్దే యూనుస్.

"గదే చెప్తున్న. సీదా పెద్ద సాబ్ ముంగటికి పోయి అర్జీ చదివిన. సాబ్ ఏడ్సిండు. గట్లగిట్ల ఏడ్సుడా? కచేరిల మోకాళ్ళ మంటి నీళ్ళు. ఆ నీళ్ళకు దస్త్రంల సిరా కరిగి, పన్నెండు గుర్రాలు కొట్టుకపోయినయి. కాగితం సాఫ్, తబేలా ఖాళీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తబేలా చాంద్రాయణగుట్ట కాడుండె, పోరగాండ్లకు దూరమైతదని పంతులు గునిసిండు. ఫికర్ జెయ్యకు పంతులూ అని తాడు గట్టి ఒక్కన్నే గుంజుకొచ్చిన."

తబేలా తన తాత నాటి సంది ఈడనే ఉన్నదని గులాం రసూల్ అన్నడు.

"ఈడ ఉన్నదంటే ఎవడో ఒకడు తెచ్చినట్టే గదా భాయ్. నేను గుంజుతుంటె లోపల పోరగాండ్లు ఎక్కాలు చదువుతనే ఉన్నరు. ఎనిమిదో ఎక్కం కాడ గల్లీ సన్నగై తబేలా ఇరికింది. రెండు దిక్కులోళ్ళను జర ఊపిరి బిగబట్టుమన్న. మనుషులు బిగబట్టిండ్రు, వాళ్ళను జూసి గోడలు గూడ బిగబట్టినయి. సర్రున దాటిచ్చిన. సుబ్రహ్మణ్యం ఇంటి గోడ ఇంక ఊపిరి ఇడువలే, గందుకే ఆ ఇల్లు గంత సన్నగుంటది."

మహంకాళి గుడి కాడ పూలమ్మే సత్తెమ్మ బుట్ట దించి అప్పటిదాక నిమ్మలంగ ఇన్నది. మనుమడు ఆ బడిలనే చదువుతడు. ఇప్పుడు ఆమె నోరు తెరిచింది.

"సాబ్ మొదటి దినమే అర్జీ మీద దస్కత్ చేసిండు. ఆ తర్వాత నేనూ మా గల్లీ సుగ్రా మూడు దినాలు తబేలా ముంగట బైఠాయించినం. తాళం పలగ్గొట్టి లోపల ఏడు బర్లను కట్టేసుకున్నోడు, ఖాళీ జెయ్య అన్నడు గదా."

బర్లు ఎవరియని యూనుస్ అడిగిండు. వైకుంఠం ఖాళీ కప్పును మళ్ళ నోటికి పెట్టుకున్నడు.

సత్తెమ్మ బుట్ట ఎత్తుకున్నది.

"మొదటి వారం మా పోరగాండ్లు అక్షరం దిద్దలే, యూనుస్. ఈ వైకుంఠం బర్ల పేడ ఎత్తిండ్రు."